ఫ్రాన్సెస్ మెక్‌డార్మండ్, మిల్‌డ్రెడ్ పాత్ర: మళ్లీ చూశాక (కథంతా బయటపడుతుంది, సినిమా చూడనివాళ్లు గమనించండి)

కృష్ణవేణి_తెనాలి | పోస్టు 1

అందరికీ నమస్కారం. మొన్న ఆదివారం 'త్రీ బిల్‌బోర్డ్స్ అవుట్‌సైడ్ ఎబ్బింగ్, మిస్సోరీ' మళ్లీ చూశాను. 2018లో ఆస్కార్ల హడావిడిలో ఒకసారి చూసి, కూతురి కోసం తల్లి చేసే పోరాటం అనుకుని వదిలేశాను. ఈసారి చూస్తే అసలు వేరే సినిమా చూసినట్టుంది. రెండు రోజులుగా బుర్రలోంచి పోవడం లేదు.

చూడనివాళ్ల కోసం రెండు ముక్కలు. మిల్‌డ్రెడ్ హేస్ కూతురు ఏంజెలాని ఎవరో పాడుచేసి, చంపి, తగలబెట్టారు. ఏడు నెలలైనా ఒక్కర్నీ పట్టుకోలేదు. ఊరి బయట జనం పెద్దగా తిరగని రోడ్డు పక్కన పాడుబడ్డ హోర్డింగులు మూడుంటాయి. మిల్‌డ్రెడ్ వాటిని అద్దెకు తీసుకుని, ఎర్ర రంగు మీద నల్లటి పెద్ద అక్షరాలతో పోలీస్ చీఫ్ విలోబీని పేరు పెట్టి నిలదీస్తుంది. విలోబీ మంచివాడు, పైగా క్యాన్సర్‌తో ఉన్నాడు. దాంతో ఊరంతా ఈవిడ మీదే పడుతుంది.

నన్ను పట్టేసింది హోర్డింగుల ఏజెన్సీ ఆఫీసు సీను. ఆవిడ బేరం ఆడడానికి వెళ్తుంది. ఎదురుగా కుర్రాడు కూర్చుని ఉంటాడు. కిటికీ గట్టు మీద ఒక పురుగు వెల్లకిలా పడి కాళ్లు కొట్టుకుంటూ ఉంటుంది. ఈవిడ వేలితో దాన్ని బోర్లా తిప్పుతుంది. అంతే, తన పనిలో తాను పడిపోతుంది. ముఖంలో జాలి ఏమీ కనిపించదు. ఇంట్లో గిన్నె బోర్లించినంత మామూలుగా చేసేస్తుంది.

తర్వాత ఇదే మనిషి డెంటిస్టు గోట్లోకి వాడి డ్రిల్లే దింపుతుంది. స్కూలు పిల్లల్ని కాలితో తంతుంది. పోలీస్ స్టేషన్ మీదికి పెట్రోలు సీసాలు విసురుతుంది. అవన్నీ చూస్తున్నంతసేపూ నాకు ఆ పురుగే గుర్తొస్తోంది.

నేను అడగాలనుకున్నది ఒకటే. ఇంత ఘోరమైన కథలో మనకి నవ్వు ఎందుకొస్తోంది? డెంటిస్టు సీన్లో నేను పైకే నవ్వాను. నవ్వాక మనసంతా అదోలా అయిపోయింది. మీకెవరికైనా ఇలా అయిందా?

---

రాజు_ఖమ్మం | పోస్టు 2

నాకైంది అక్కా. అది మాత్రమే కాదు, మాజీ మొగుడు చార్లీ ఇంటికొచ్చి ఈవిడ గొంతు పట్టుకుని గోడకి నొక్కుతాడు చూడండి. కొడుకు కత్తి తీసి నాన్న మెడ మీద పెడతాడు. ఊపిరి బిగబట్టి చూస్తుంటే అప్పుడే చార్లీ కొత్త గర్ల్‌ఫ్రెండ్, పందొమ్మిదేళ్ల పిల్ల, బాత్రూమ్‌కి వెళ్లాలంటూ లోపలికొస్తుంది. అంత టెన్షన్‌లో నాకు నవ్వొచ్చింది. ఒక్క క్షణం ముందు ఆ ఇంట్లో ఎవరో ఒకరు చచ్చేలా ఉన్నారు.

నాకు తెలియక అడుగుతున్నా, మెక్‌డార్మండ్‌వి ఇంకేం చూడొచ్చు? నేను ఇదొక్కటే చూసిన.

---

నాటకాల_మూర్తి | పోస్టు 3

అమ్మా కృష్ణవేణీ, మంచి చర్చ మొదలుపెట్టావు. నేను పరిషత్తు నాటకాల్లో ముప్పై ఏళ్లు పనిచేసినవాణ్ణి కాబట్టి నటన వైపు నుంచి నాలుగు మాటలు రాస్తాను.

ముందు రాజుకి జవాబు. మెక్‌డార్మండ్ 1957లో ఇల్లినాయ్‌లో పుట్టింది. పెంచుకున్న తండ్రి పాస్టరు. యేల్ డ్రామా స్కూల్లో చదువుకుంది. చదువయ్యాక న్యూయార్క్‌లో ఆవిడతో కలిసి ఉన్న అమ్మాయి హోలీ హంటర్, ఆవిడా తర్వాత పెద్ద నటి అయింది. దర్శకులు కోయెన్ అన్నదమ్ములు తమ మొదటి సినిమా 'బ్లడ్ సింపుల్'కి హోలీ హంటర్‌ని అనుకుంటే, ఆవిడకి నాటకం ఉండి తన స్నేహితురాల్ని వెళ్లమంది. అలా 1984లో వచ్చిన ఆ సినిమాతో మెక్‌డార్మండ్‌కి సినిమా జీవితమూ మొదలైంది, జోయెల్ కోయెన్‌తో పెళ్లీ అయింది.

నాలుగేళ్లకి 'మిసిసిపి బర్నింగ్'లో డిప్యూటీ షెరీఫ్ భార్యగా వేసి మొదటి ఆస్కార్ నామినేషన్ తెచ్చుకుంది. ఆ పాత్రకి మాటలు తక్కువ. భర్త చేసిన నేరం తెలిసి, చెప్పలేక, చెప్పకుండా ఉండలేక నలిగిపోయే ఇల్లాలు. 1996లో 'ఫార్గో'. దానికి ఉత్తమ నటి. ఆ తర్వాత 'ఆల్మోస్ట్ ఫేమస్', 'నార్త్ కంట్రీ' సినిమాలకి మళ్లీ నామినేషన్లు. 2011లో 'గుడ్ పీపుల్' నాటకానికి టోనీ అవార్డు. 'ఆలివ్ కిటరిడ్జ్' టీవీ సిరీస్‌కి ఎమ్మీ. అమెరికాలో సినిమాకీ, రంగస్థలానికీ, టీవీకీ ఇచ్చే పెద్ద అవార్డులు మూడూ నటనకే అందుకున్నవాళ్లు చాలా కొద్దిమందే.

ఇక మిల్‌డ్రెడ్ సంగతి. ఆ నడక గమనించారా? సినిమా అంతా ఒకే రకం డాంగ్రీ వేసుకుని, తలకి గుడ్డ బిగించి కట్టుకుని, భుజాలు ముందుకేసి నడుస్తుంది. కౌబాయ్ సినిమాల హీరో జాన్ వేన్ నడకని దృష్టిలో పెట్టుకున్నానని ఆవిడే ఇంటర్వ్యూల్లో చెప్పింది. అలాంటి కథల్లో ఆదర్శంగా తీసుకోవడానికి ఆడవాళ్ల పాత్రలు దొరక్క మగవాడి నడక తీసుకుందట. నడక దొరికితే పాత్ర సగం దొరికినట్టేనని మా గురువుగారు అనేవారు. ఇక్కడ ఆ నడక యుద్ధానికి వెళ్లేవాడి నడక. కానీ ఆవిడ వెళ్లేది గిఫ్టు షాపులో ఉద్యోగానికి. మొదటి నవ్వు నాకు అక్కడే వచ్చింది. మొదటి దిగులూ అక్కడే మొదలైంది.

---

సుమతి.వి | పోస్టు 4

నేను ఈ సినిమాని ఒకే సీను కోసం మర్చిపోలేను. మా అమ్మాయి ఇంటర్ సెకండియర్. చూడాలో వద్దో ఆలోచించుకుని చూడండి తల్లులందరూ.

పాత రోజు ఒకటి చూపిస్తారు. ఏంజెలా కారు అడుగుతుంది, తల్లి ఇవ్వదు. అలాగైతే నడిచే పోతాను, దారిలో నన్నెవడైనా పాడుచేస్తే నీకు అప్పుడు తెలుస్తుంది అన్నట్టు కూతురు అరుస్తుంది. తల్లి కూడా వెనక నుంచి అంతే గట్టిగా, అలాగే జరగాలి అని అరుస్తుంది. ఇద్దరూ కోపంలో అన్న మాటలు. ఏ ఇంట్లో అనుకోరు? "పో, ఎక్కడికైనా పోయి చావు" అనని తల్లి మన ఊళ్లలో ఎవరైనా ఉన్నారా? నేనూ అన్నాను. ఆ రాత్రి సినిమా ఆపేసి మా అమ్మాయి గదిలోకి వెళ్లి దుప్పటి కప్పి వచ్చాను. అది నిద్రలోనే విసుక్కుంది.

ఆ సీను తర్వాత హోర్డింగులు చూస్తే వేరేగా కనిపించాయి. పైకి విలోబీ పేరు రాసి ఉంది. నాకు మాత్రం ఆవిడ తనని తాను నిలదీసుకుంటోందనిపించింది.

---

కృష్ణవేణి_తెనాలి | పోస్టు 5

సుమతి గారూ, నేను రెండు రోజులుగా మాటల కోసం వెతుక్కుంటున్నది ఇదే. ఆవిడ కోపమంతా తప్పు తనదేనన్న బాధకి వేసిన మూత. మెక్‌డార్మండ్ గొప్పతనం ఏంటంటే సినిమా మొత్తం మీద ఆ మూత మూడు నాలుగు సార్లే, అదీ క్షణమే లేస్తుంది. కారు గొడవ సీను ఒకటి. హోర్డింగుల దగ్గరికి వచ్చిన జింకతో మాట్లాడేటప్పుడు ఒకటి. విలోబీ దగ్గినప్పుడు ఒకటి.

విలోబీ ఈవిడని స్టేషన్లో కూర్చోబెట్టి ప్రశ్నిస్తుంటాడు. ఇద్దరూ ఒకళ్లనొకళ్లు పొడుచుకుంటూ మాట్లాడుతుంటారు. ఉన్నట్టుండి దగ్గు వచ్చి నోట్లోంచి రక్తం ఆవిడ ముఖం మీద పడుతుంది. ఆయన బెదిరిపోయి కావాలని చేయలేదంటాడు. ఆవిడ ఒక్క క్షణంలో మారిపోయి, తెలుసు నాన్నా అని, పసిపిల్లాడితో అన్నట్టు అంటుంది. ఆ ముద్దుపేరు ఎక్కడి నుంచి వచ్చింది? ఏంజెలాని అలాగే పిలిచేదేమో అనిపించింది నాకు. గొంతు అంత అలవాటుగా అటు తిరిగింది. పరిగెత్తుకెళ్లి మనుషుల్ని పిలుస్తుంది. ముఖం తుడుచుకోవడం కూడా గుర్తుండదు.

---

అనిల్98 | పోస్టు 6

అందరూ పొగుడుతున్నారు కానీ నాకు ఈ సినిమాతో పెద్ద ఇబ్బంది ఉంది, చెప్పనివ్వండి. మెక్‌డార్మండ్ నటన గురించి కాదు, కథ గురించి.

డిక్సన్ అనే పోలీసు నల్లవాళ్లని కస్టడీలో హింసించాడని సినిమాయే చెబుతుంది. ఆ హింస పడ్డవాడు తెర మీద కనిపించడు, వాడికి పేరు కూడా లేదు. మిల్‌డ్రెడ్ స్నేహితురాలు డెనీస్ నల్లజాతి అమ్మాయి, ఆమెని చిన్న సాకుతో జైల్లో పెడతారు, అది మిల్‌డ్రెడ్‌ని దెబ్బకొట్టడానికి. ఆమె జైల్లో ఎన్ని రోజులు ఏం పడిందో మనకి ఒక్క సీనూ లేదు. డిక్సన్‌కి మాత్రం ఒక ఉత్తరం, ఒక అగ్నిప్రమాదం, ఒక ఆసుపత్రి, చివర్లో మంచివాడయ్యే అవకాశం. ఆ పాత్రకి సామ్ రాక్‌వెల్‌కి ఆస్కార్ కూడా వచ్చింది. 2018లో అమెరికాలో ఈ విమర్శ గట్టిగానే వచ్చింది, న్యాయమైన విమర్శే అని నా అభిప్రాయం. తీసిన మార్టిన్ మెక్‌డొనా లండన్‌లో పెరిగిన ఐరిష్ కుటుంబం మనిషి. అమెరికాలో ఆ గాయం ఎంత లోతో ఆయనకి అందలేదనిపిస్తుంది.

---

శ్రీనివాస్_షార్లెట్ | పోస్టు 7

అనిల్ తమ్ముడూ, నీ మాటతో చాలావరకు ఏకీభవిస్తాను. ఇక్కడ పన్నెండేళ్లుగా ఉంటున్నాను, డెనీస్ విషయంలో నువ్వన్నది ముమ్మాటికీ నిజం. ఆమెకి ఇంకో రెండు సీన్లు రాసి ఉంటే సినిమా ఇంకా గొప్పదయ్యేది.

కానీ డిక్సన్ మంచివాడైపోయాడని నాకు అనిపించలేదు. వాడు చివర్లో కూడా తుపాకీ పట్టుకుని ఎవర్నో చంపడానికే బయల్దేరతాడు. చేసిన వెధవ పనికి క్షమాపణ ఎవరికీ చెప్పడు, ఆసుపత్రిలో ఏజెన్సీ కుర్రాడికి తప్ప. ఆ కుర్రాణ్ణి వీడే కిటికీలోంచి కిందకి విసిరేశాడు. ఇప్పుడు మిల్‌డ్రెడ్ పెట్టిన స్టేషన్ మంటల్లో ఒళ్లంతా కాలి డిక్సన్ ఆ కుర్రాడి పక్క మంచం మీదే పడ్డాడు. కట్లలో ఉన్నది ఎవరో తెలియక ఆ కుర్రాడు ఆదరంగా మాట్లాడతాడు. ఎవరో తెలిశాక కూడా ఏడుస్తూనే నారింజ రసం గ్లాసు వాడి దగ్గర పెట్టి, స్ట్రా వాడి వైపు తిప్పుతాడు. ఆ స్ట్రా తిప్పడం నన్ను కదిలించింది. కృష్ణవేణి గారు చెప్పిన పురుగులాంటిదే అదీ.

ఇంకో విషయం. పేరు మిస్సోరీ అయినా ఎబ్బింగ్ అనే ఊరు లేదు. షూటింగ్ మా నార్త్ కరోలినాలోనే, ఎక్కువగా సిల్వా అనే చిన్న కొండ ఊళ్లో. మాకు మూడు గంటల డ్రైవ్. రెండేళ్ల కిందట అక్టోబరులో పిల్లల్ని తీసుకుని వెళ్లాం. మెయిన్ స్ట్రీట్ ఈ చివర నుంచి ఆ చివరికి పది నిమిషాల్లో నడిచేయొచ్చు. చివర్లో గుట్ట మీద పాత కోర్టు భవనం, దానికి 107 మెట్లు. మా చిన్నవాడు లెక్కపెట్టి మరీ ఎక్కాడు. హోర్డింగులు మాత్రం ఆ ఊళ్లో లేవు. వాటిని బ్లాక్ మౌంటెన్ దగ్గర ఒక పచ్చిక మైదానంలో నిలబెట్టి, షూటింగ్ అయ్యాక తీసేశారు.

వీధిలో నిలబడితే ఒకటి అర్థమైంది. ఆ ఊళ్లో ఎవరూ ఎవరి నుంచీ తప్పించుకోలేరు. కిరాణా కొట్లో, రెస్టారెంట్లో, ఆసుపత్రిలో రోజూ ఆ ముఖాలే. మిల్‌డ్రెడ్ హోర్డింగు పెట్టింది అలాంటి చోట. అంత ధైర్యం ఎలా వచ్చిందా అని అక్కడే చాలాసేపు నిలబడిపోయాను.

---

రాజు_ఖమ్మం | పోస్టు 8

మూర్తి సార్ చెప్పిన 'ఫార్గో' నిన్న రాత్రి చూసిన. మైండ్ పోయింది. ఇద్దరూ ఒకే మనిషి అంటే నమ్మబుద్ధి కాలేదు. మార్జ్ అనే పోలీస్ చీఫ్, నిండు గర్భిణి, మంచులో శవాల మధ్య వంగి చూస్తూ వాంతి వచ్చేలా ఉందంటుంది. అవతలివాడు కంగారుపడితే, ఏం లేదు వేవిళ్లు, మళ్లీ ఆకలేస్తోంది అంటుంది. సినిమా మొదలై అరగంట దాటాకగాని ఆవిడ రాదు, వచ్చాక ఇంకెవర్నీ చూడబుద్ధి కాదు.

---

నాటకాల_మూర్తి | పోస్టు 9

రాజూ, సరైన చోట పట్టుకున్నావు. మార్జ్, మిల్‌డ్రెడ్ ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చూడు. మార్జ్ లోకంలో అంతా సర్దుకుని ఉంటుంది. పొద్దున్నే మొగుడు లేచి గుడ్లు వండిపెడతాడు. రాత్రి ఇద్దరూ ఒకే దుప్పటి కింద టీవీ చూస్తారు. అంత ఘోరం చూసి వచ్చి కూడా, కొంచెం డబ్బు కోసం ఇంతమందిని చంపుతారా అని నిజంగా ఆశ్చర్యపోతుంది. మిల్‌డ్రెడ్‌కి ఆశ్చర్యపోయే శక్తి అయిపోయింది. ఒకరు చట్టం వైపున్న ఆడమనిషి, ఇంకొకరు చట్టం తలుపు తట్టీ తట్టీ చేతులు నొప్పెట్టిన ఆడమనిషి. రెండూ నవ్వూ నెత్తురూ కలిసిన సినిమాలే. మధ్యలో 21 ఏళ్లు గడిచాయి.

ఇంకో ముఖ్యమైన ముచ్చట. మిల్‌డ్రెడ్ పాత్రని మెక్‌డొనా ఈవిడని మనసులో పెట్టుకునే రాశాడు. అయితే ఈవిడకి అప్పటికి 58 ఏళ్లు. టీనేజి పిల్లలున్న తల్లిగా నేను నప్పను, మిల్‌డ్రెడ్ లాంటి కష్టజీవులు అంత ఆలస్యంగా పిల్లల్ని కనరు, అమ్మమ్మగా మార్చమని వాదించింది. ఆయన ఒప్పుకోలేదు, తల్లే ఉండాలన్నాడు. చివరికి భర్త జోయెల్, ఇక నోరు మూసుకుని వేషం వెయ్యి అన్నాడట. నాకు ఈ కథలో నచ్చేది ఆవిడ వాదించడం. దొరికిన మంచి వేషాన్ని కళ్లకద్దుకుని తీసుకోకుండా, ఈ మనిషి బతుకు ఇలా ఉంటుందా ఉండదా అని ముందు కూర్చుని లెక్క చూసుకుంది. మా నాటకాల్లో రిహార్సల్ మొదలయ్యాక కూడా పాత్ర వయసెంతో అడగనివాళ్లని చూశాను.

---

సుమతి.వి | పోస్టు 10

వయసు సంగతి వచ్చింది కాబట్టి నాదీ ఒక మాట. ఆవిడ ముఖాన్ని దగ్గర నుంచి చూపించినప్పుడు ప్రతి గీతా కనిపిస్తుంది. మేకప్ లేనట్టే ఉంటుంది. ముఖానికి సర్జరీలు చేయించుకోవడాన్ని ఆవిడ బహిరంగంగానే వ్యతిరేకిస్తూ వచ్చింది. తమాషా ఏంటంటే 2008లో 'బర్న్ ఆఫ్టర్ రీడింగ్'లో సర్జరీల డబ్బు కోసం పిచ్చి పనులన్నీ చేసే జిమ్ ఉద్యోగిని వేషం వేసింది. ఆ పాత్రని వెక్కిరించకుండా, ఒంటరిగా ఉన్న మనిషి ఆరాటాన్ని చూపిస్తూ వేసింది. రాజూ, నవ్వుకోవాలంటే అది చూడు.

నాకు 42. అద్దం ముందు నిలబడి కళ్ల కింద గీతలు లెక్కపెట్టుకునే అలవాటు నాకూ ఉంది. ఈవిడ సినిమాలు వరసగా చూశాక ఆ అలవాటు కొంచెం తగ్గింది. నిజంగా చెబుతున్నాను.

---

కృష్ణవేణి_తెనాలి | పోస్టు 11

ఇది రాయాలా వద్దా అని నిన్నంతా ఆలోచించాను. ఊరి పేరు, మనుషుల పేర్లు రాయను.

మా పిన్ని కొడుకు 22 ఏళ్లకి పోయాడు. రాత్రి బండి మీద వస్తుంటే ఏదో లారీ గుద్ది ఆగకుండా వెళ్లిపోయింది. ఆ లారీ ఏదో ఇప్పటికీ తెలియదు. మూడేళ్లు పిన్ని స్టేషన్ చుట్టూ తిరిగింది. ఆవిడ చేతిలో ఎప్పుడూ ఒక బట్టల షాపు ప్లాస్టిక్ కవరు ఉండేది. అందులో ఎఫ్‌ఐఆర్ కాపీ, పోస్ట్‌మార్టం కాగితాలు, వాడి లైసెన్సు, అన్నిటికీ జిరాక్సులు. కవరు చిరిగితే టేపు వేసేది, మార్చేది కాదు. ఎందుకంటే వాడి చివరి పండక్కి బట్టలు కొన్న కవరు అది. వెళ్లినప్పుడల్లా పెద్దసారు లేరనేవాళ్లు, లేకపోతే వచ్చే వారం రమ్మనేవాళ్లు.

మొదటి ఏడాది చుట్టాలందరూ తోడు వెళ్లారు. రెండో ఏడాదికి, ఎంతకాలం తిరుగుతావు, వాడు తిరిగొస్తాడా అన్నారు. ఒక పెళ్లిలో ఎవరో అదే మాట అంటే పిన్ని అందరి ముందూ చేతిలో గ్లాసు నేలకేసి కొట్టింది. అప్పటి నుంచి ఆవిడని పిలవడం తగ్గించారు. నేనూ తగ్గించాను. పిన్ని ఏడ్చినన్నాళ్లు అందరం పక్కన కూర్చున్నాం. కోపం తెచ్చుకోగానే లేచి వెళ్లిపోయాం.

వాడు పోయిన సాయంత్రం పెట్రోలు డబ్బుల దగ్గర ఇద్దరికీ గొడవైందట. "రాకపోయినా ఫర్వాలేదు, పో" అందట పిన్ని. ఈ మాట ఆవిడ నాకు ఒక్కసారే చెప్పింది, వంటింట్లో, చిక్కుడుకాయ ఈనెలు తీస్తూ, తల ఎత్తకుండా. సుమతి గారు కారు గొడవ సీను గురించి రాసినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. ఆదివారం సినిమా చూస్తూ నేను ఎవర్ని చూస్తున్నానో నాకప్పుడు అర్థమైంది.

మిల్‌డ్రెడ్ ఎవరి జాలీ అడగదు. మెక్‌డార్మండ్ మన జాలి కోసం ఒక్క చూపు కూడా విసరదు. పిన్ని కూడా అడగలేదు. అడగలేదు కాబట్టి ఇవ్వనక్కర్లేదనుకున్నాం.

---

అనిల్98 | పోస్టు 12

కృష్ణవేణి గారూ, ఏం రాయాలో తెలియడం లేదు. మీ పోస్టు మా అమ్మకి చదివి వినిపించాను. డెనీస్ గురించి నా అభిప్రాయం మారలేదు, కానీ మిల్‌డ్రెడ్ కోసం ఇంకోసారి చూస్తాను.

---

శ్రీనివాస్_షార్లెట్ | పోస్టు 13

పిన్నిగారికి నా నమస్కారం చెప్పండి.

ఆ హోర్డింగుల పద్ధతి సినిమా దాటి బయటికి కూడా వచ్చింది. 2018 ఫిబ్రవరిలో లండన్‌లో గ్రెన్‌ఫెల్ టవర్ అగ్నిప్రమాదంలో 70 మందికి పైగా పోయిన ఘటన మీద ఇంకా అరెస్టులు లేవేంటని మూడు వాహనాల మీద ఎర్ర హోర్డింగులు పెట్టి ఊరంతా తిప్పారు. అదే నెలలో ఫ్లోరిడాలో పార్క్‌లాండ్ స్కూల్లో 17 మందిని కాల్చి చంపాక, మయామీలో అప్పటి సెనేటర్ రూబియో ఆఫీసు బయట మూడు ట్రక్కులు అలాగే నిలబెట్టారు. రాతలో వరస కూడా సినిమాలోదే. ముందు జరిగింది, తర్వాత జరగనిది, చివర్లో ఎందుకని ఒక ప్రశ్న. ఆ మార్చిలో మెక్‌డార్మండ్ స్టేజీ ఎక్కి రెండో ఆస్కార్ అందుకున్నప్పుడు బొమ్మని కింద పెట్టి, హాల్లో ఉన్న నామినేటైన ఆడవాళ్లందర్నీ లేచి నిలబడమంది. వీళ్ల దగ్గర కథలున్నాయి, పార్టీలో పలకరించి ఊరుకోకండి, ఆఫీసులకి పిలిచి మాట్లాడండని నిర్మాతలకి చెప్పింది.

---

నాటకాల_మూర్తి | పోస్టు 14

అమ్మా, నువ్వు మొదటి పోస్టులో అడిగిన ప్రశ్నకి నాకు తోచింది చెబుతాను. నవ్వు ఎందుకొస్తోందంటే, ఆవిడ మాట్లాడేది పక్కా నిజం, అదీ ఎవరూ అనలేని చోట. విలోబీ ఇంటికొచ్చి తనకి క్యాన్సర్ అని చెబుతాడు. ఊళ్లో అందరికీ తెలుసు అంటుంది. తెలిసీ ఆ హోర్డింగులు పెట్టావా అంటే, నువ్వు పోయాక పెడితే అంత పనిచేయవు కదా అంటుంది. మాట విసరడానికి అరక్షణం కూడా ఆగదు, గొంతు పెంచదు. ఆ మాటని జోకులాగా పలికి ఉంటే పాత్ర చచ్చిపోయేది. పగతో పలికినా చచ్చిపోయేది. ఆవిడ దాన్ని లెక్కల మాస్టారు లెక్క చెప్పినట్టు చెప్పింది.

చివరి సీను కూడా అలాంటిదే. డిక్సన్‌తో కారులో ఐడహో వెళ్తూ, స్టేషన్ తగలబెట్టింది నేనే అని ఒప్పుకుంటుంది. ఇంకెవరు తగలబెడతారు అంటాడు వాడు. అప్పుడు ఆవిడ నవ్వుతుంది. ఆ బరువు లేని నవ్వు సినిమా మొత్తంలో నాకు అక్కడే కనిపించింది. తను చేసిన తప్పు తెలిసీ పక్కన కూర్చున్న మనిషి ఒకడున్నాడని ఆ నవ్వు. ఎవర్నో చంపాలో వద్దో దారిలో తేల్చుకుందామనుకుంటారు, సినిమా అయిపోతుంది.

---

రాజు_ఖమ్మం | పోస్టు 15

'నోమ్యాడ్‌ల్యాండ్' కూడా చూసిన. అందులో మాత్రం నవ్వు తక్కువ, నెమ్మదిగా పోతుంది. కానీ వ్యానుల్లో తిరిగే మనుషులు చాలామంది నిజమైనవాళ్లేనట, వాళ్ల మధ్య ఈవిడ నటి అని గుర్తే పట్టలేకపోయిన. 2021లో దానికి ఉత్తమ నటిగా మూడో ఆస్కార్, నిర్మాతల్లో ఒకరిగా ఉత్తమ చిత్రం కూడా వచ్చిందని ఇప్పుడే చదివిన. ఆ విభాగంలో ఈవిడ కన్నా ముందున్నది నాలుగు తెచ్చుకున్న కేథరిన్ హెప్‌బర్న్ ఒక్కరే అంట.

కృష్ణవేణక్కా, పిన్నిగారికి ఇప్పుడు ఎట్లుంది?

---

కృష్ణవేణి_తెనాలి | పోస్టు 16

రాజూ, అడిగినందుకు చాలా సంతోషం. నిన్న శనివారం పిన్ని ఇంటికి వెళ్లాను. మూడున్నరేళ్ల తర్వాత, ఏ శుభకార్యమూ లేకుండా, ఊరికే. పప్పుచారు పెట్టింది. మధ్యాహ్నం నేనే భయపడుతూ అడిగాను, ఒక సినిమా చూద్దామా, నీకు కష్టంగా ఉంటే ఆపేద్దాం అని. కథ ముందే చెప్పాను. చూద్దామంది. ఇంగ్లిషు మాటలన్నీ నేను తెలుగులో చెబుతూ వచ్చాను.

పురుగు దగ్గర ఏమీ అనలేదు. మూడు హోర్డింగులు మొదటిసారి కనిపించినప్పుడు కళ్లజోడు సర్దుకుని, అక్షరాలు ఒక్కొక్కటీ చదివించుకుంది. ఎంత ఖర్చవుతుంది వాటికి అని అడిగింది. నెలకి ఐదు వేల డాలర్లట అన్నాను. అంత డబ్బు ఎలా తెచ్చింది అని అడిగి, మళ్లీ తనే, ఏదో ఒకటి అమ్మేసి ఉంటుందిలే అంది.

ఆ తర్వాత విలోబీ మిల్‌డ్రెడ్ ఇంటికొచ్చి, ఇంటి ముందు ఉయ్యాల దగ్గర మాట్లాడే సీను వచ్చింది. దొరికిన డీఎన్‌ఏ ఎవరితోనూ సరిపోలేదు, ఎక్కడెక్కడ వెతికామో ఇదీ అని ఆయన విడమరిచి చెబుతాడు. నేను ఒక్కొక్క మాటా చెబుతున్నాను. పిన్ని రిమోట్ తీసుకుని ఆపింది.

"ఆయన ఇంటికొచ్చి చెప్పాడే" అంది.

నాకు మొదట అర్థం కాలేదు. దొరకలేదని చెప్పడానికి ఇంటికొచ్చాడు కదా, అని మళ్లీ అంది. కాసేపు తెర వంకే చూస్తూ కూర్చుంది. తర్వాత లేచి బీరువా తీసి ఆ ప్లాస్టిక్ కవరు తెచ్చి నా ఒళ్లో పెట్టింది. కాగితాలు మడతల దగ్గర చిరుగుతున్నాయట, లామినేషన్ చేయించమంది. సోమవారం చేయిస్తానన్నాను.

మిగతా సినిమా వచ్చే ఆదివారం చూద్దామంది.